ఇంటర్ కాని జూనియర్ కాలేజీ

మే రెండో వారం. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే దారిలో ఉన్న మా బాబాయి తోటలో చిన్నరసాల కోత నడుస్తోంది. చిక్కాలతో కోసిన కాయల్ని తొడిమ తుంచి, సొన కారిపోయేదాకా బోర్లించి పెడుతున్నారు. సొన చేతికి తగిలితే పొక్కుతుంది, కాయకి తగిలితే మచ్చ పడి రేటు పోతుంది. మనవాళ్ళు ఎక్కువగా జాగ్రత్తపడేది రెండోదానికే. సరిగ్గా ఆ హడావుడిలో టెక్సస్ నుంచి బాబాయి కొడుకు వీడియో కాల్ చేశాడు.

సంగతేమిటంటే, వాడి కొడుక్కి ఈ నెలాఖరుకి పన్నెండో తరగతి అయిపోతుంది. పిల్లాడు బేస్‌బాల్ ఆడతాడు. పెద్ద యూనివర్సిటీలేవీ పిలవలేదు గానీ రెండు చోట్ల నుంచి కోచ్‌లు రమ్మంటున్నారు. ఒకటి జూనియర్ కాలేజీ. రెండోది ఎక్కడో చిన్న ఊళ్ళో, వెయ్యిన్నర మంది చదివే నాలుగేళ్ళ కాలేజీ. జూన్ లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

"పన్నెండు పాసయ్యాక మళ్ళీ ఇంటరేమిట్రా? పిల్లాడు ఏమన్నా తప్పాడా?" అంది పిన్ని.

"ఇంటర్ కాదమ్మా. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీ అని కూడా అంటారు."

"ఏ కమ్యూనిటీ వాళ్ళది?"

ఆ ప్రశ్నతో ఫోను నా చేతికొచ్చింది. ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఆ పేరుతో భూమ్మీద ఎక్కడ ఏమున్నా నేనే జవాబు చెప్పాలని మా ఇంట్లో నమ్మకం. పైగా నిరుడు మా అమ్మాయిని చూడటానికి డాలస్ వెళ్ళి మార్చి నుంచి మూణ్ణెల్లు అక్కడే ఉండి వచ్చాను. తోచుబాటు కాక కాలేజీ మైదానాల వెంట తిరిగాను. ఆ సాయంత్రం పాకలో కూర్చుని బాబాయికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళ పిల్లలు క్రికెట్ బ్యాటు పక్కన పెట్టి ఈ ఆట పట్టుకుంటున్నారు కాబట్టి, ఈ ఫోను రేపు మీ ఇంటికీ రావచ్చు.

ముందు పేరు సంగతి. అక్కడ జూనియర్ కాలేజీ అంటే పన్నెండు తర్వాత చదివే రెండేళ్ళ కాలేజీ. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీని ఈ ప్రభుత్వ కాలేజీలన్నిటికీ పెద్దక్కగా చెప్పుకుంటారు. హైస్కూలు పూర్తిచేసిన దాదాపు ఎవరైనా చేరవచ్చు, చుట్టుపక్కల వాళ్ళకి ఫీజు తక్కువ. రెండేళ్ళు చదివి అసోసియేట్ డిగ్రీ పుచ్చుకుని, యూనివర్సిటీలో మూడో ఏడాదిలోకి వెళ్ళవచ్చు. మన నూజివీడు ట్రిపుల్ ఐటీ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. 2008లో పెట్టిన ఆ ఆర్‌జీయూకేటీలో పదో తరగతి మార్కులతో చేరితే రెండేళ్ళ పీయూసీ, నాలుగేళ్ళ బీటెక్, మొత్తం ఆరేళ్ళూ ఒకే ప్రహరీ లోపల. అమెరికా వాళ్ళు చేసింది దీనికి తిరగేసిన పని. నాలుగేళ్ళ డిగ్రీని మధ్యకి కోసి, ముందు సగాన్ని వేరే ఊళ్ళో వేరే బోర్డు కింద పెట్టారు. ముందు సగంలో చేరినవాడికి వెనక సగం దొరుకుతుందా లేదా అన్నదాని మీదే మిగతా గొడవంతా నడుస్తుంది.

రెండేళ్ళ కాలేజీయే కదా, ఆట కూడా సగమే ఉంటుందనుకుంటే పొరపాటు. వీటికి 1938 నుంచి సొంత క్రీడా సంఘం ఉంది. ఆ సంఘం మొదటి డివిజన్‌లో ఒక్కో బేస్‌బాల్ జట్టు 24 మందికి ఫీజు, గది, భోజనం, పుస్తకాలతో సహా పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అన్నారు గానీ ఇస్తారని కాదు, అది ఆ కాలేజీ ఖజానాని బట్టి ఉంటుంది. రెండో డివిజన్‌లో గది, భోజనం ఉండవు. మూడో డివిజన్‌లో ఆట పేరు చెప్పి ఏమీ ఇవ్వరు. కాలిఫోర్నియా జూనియర్ కాలేజీలది వేరే సంఘం, అక్కడా ఆటకి డబ్బు లేదు. మొదటి డివిజన్ తుది పోటీలు 1959 నుంచీ కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్ అనే ఊళ్ళోనే జరుగుతున్నాయి. మనకి హనుమాన్ జంక్షన్ ఎలాగో, బేస్‌బాల్ ఆడే జూనియర్ కాలేజీ కుర్రాళ్ళకి గ్రాండ్ జంక్షన్ అలాగ. అక్కడ దిగి బస్సు మారాల్సిందే.

చిన్న నాలుగేళ్ళ కాలేజీలు మూడు రకాలు. ఎన్‌సీఏఏ అనే పెద్ద సంఘంలో మూడు డివిజన్లు. టీవీలో కనిపించేది మొదటిది, దానితో మనకి పని లేదు. రెండో డివిజన్‌లో జట్టు మొత్తానికి 9 స్కాలర్‌షిప్పుల విలువ. తొమ్మిది మందికి కాదు, ఆ విలువని ముక్కలు చేసి పాతిక ముప్ఫై మందికి పంచుతారు, మొదటి కోత కాయలు వీధంతా పంచినట్టు. ఎన్ఏఐఏ అనే ఇంకో సంఘంలో 12 విలువ. ఎన్‌సీఏఏ మూడో డివిజన్‌లో ఆట పేరుతో పైసా ఇవ్వకూడదని నియమం. చదువులో మార్కులకి ఇవ్వవచ్చు, కుటుంబ ఆదాయం తక్కువైతే ఇవ్వవచ్చు. అందుకే అక్కడి కోచ్ బేస్‌బాల్ గురించి రెండు మాటలు మాట్లాడి, మూడో మాటగా మార్కులెన్ని అని అడుగుతాడు. ఆ ఒక్క విషయంలో మన మేనమామలకీ వాళ్ళకీ తేడా లేదు.

మ్యాచ్‌ల లెక్క కూడా తేడాయే. సీజనుకి జూనియర్ కాలేజీకి 56, ఎన్‌సీఏఏ రెండో డివిజన్‌కి 50, మూడో డివిజన్‌కి 40. ఇవి పైహద్దులు.

ఇంతవరకూ విని బాబాయి, "ఇదంతా గుత్త బేరంలా ఉందే" అన్నాడు. నేను ముప్ఫై ఏళ్ళలో క్లాసులో ఏ సూత్రాన్నీ ఇంత చక్కగా చెప్పలేదు.

మన తోటలు గుత్తకిచ్చే తీరు తెలియనివాళ్ళ కోసం కొంచెం ఆగుతాను. మామిడి తోటని కాపు మీద మూడు దశల్లో అమ్మవచ్చు. జనవరిలో చెట్టు తెల్లగా పూసి ఉన్నప్పుడు అమ్మితే అది పూత మీద బేరం. తేనెమంచు పురుగు పడుతుందో, పొగమంచు కొడుతుందో, గాలికి రాలుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు, అందుకే రేటు తక్కువ. పిందె పడ్డాక అమ్మితే కొంత కష్టం గట్టెక్కినట్టు. కాయ ముదిరాక అమ్మితే రేటు పెరుగుతుంది, కానీ ఆలోపు వచ్చే ఈదురుగాలి నష్టం రైతుదే. ఎప్పుడు అమ్మాలన్నదే రైతు తెలివి. పూత మీద అమ్మి బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు, కాయ దాకా ఆగి ఒక్క రాత్రి గాలికి మునిగినవాళ్ళూ ఉన్నారు.

బేస్‌బాల్ కుర్రాళ్ళని వృత్తి జట్లు ఎంచుకునే వార్షిక డ్రాఫ్ట్ ఈ మూడు దశల్లోనే నడుస్తుంది. హైస్కూలు అవగానే తీసుకుంటే పూత మీద బేరం. అప్పుడు సంతకం చేయకుండా నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడేళ్ళు గడిచేదాకా, లేదా 21 ఏళ్ళు వచ్చేదాకా జట్లు అతన్ని ముట్టుకోకూడదు. అది కాయ మీద బేరం. జూనియర్ కాలేజీలో ఉన్నవాణ్ణి మాత్రం ఏ ఏడాదికా ఏడాది ఎంచుకోవచ్చు. అది పిందె మీద బేరం. జూనియర్ కాలేజీకి ఉన్న ఆకర్షణంతా ఈ ఒక్క నియమంలో ఉంది.

మూడింటికీ మనుషులున్నారు. ఫ్లోరిడాలో టాంపా దగ్గర పెరిగిన అర్జున్ నిమ్మలని 2023లో హైస్కూలు అవగానే టొరంటో బ్లూ జేస్ జట్టు మొదటి రౌండులో 20వ వాడిగా ఎంచుకుంది. ఇంటిపేరు విన్నవాళ్ళకి ఎక్కడివాళ్ళో వేరే చెప్పనక్కర్లేదు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి వెళ్తానని అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. దాన్ని పక్కన పెట్టి సుమారు 30 లక్షల డాలర్లకి సంతకం చేశాడు. అప్పుడతనికి 17 ఏళ్ళు. పూత మీదే అయినా రేటు అలా పలికితే ఎవరైనా తోట ఇచ్చేస్తారు.

కుమార్ రాకర్ దారి వేరు. తల్లి లలిత భారతీయ కుటుంబంలోంచి వచ్చింది, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్నవాడు. 2018లో హైస్కూలు అవగానే కొలరాడో రాకీస్ 38వ రౌండులో ఎంచుకుంటే, వద్దని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో చేరాడు. మరుసటి ఏడాదే డ్యూక్ జట్టు మీద బంతి వేస్తూ 19 మందిని స్ట్రైకౌట్ చేసి, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ వాడిగా ఎంచుకుని, వైద్య పరీక్షలు చూశాక వెనక్కి తగ్గింది. ఏడాది తర్వాత టెక్సస్ రేంజర్స్ ఏకంగా 3వ వాడిగా తీసుకుంది. 2023లో మోచేతికి ఆపరేషన్, 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్. కాయ దాకా ఆగితే గాలులెన్ని తట్టుకోవాలో ఈ ఒక్క కుర్రాడి కథలోనే ఉంది.

ఇక పిందె మీద బేరం. బ్రైస్ హార్పర్ హైస్కూలు రెండేళ్ళకే ఆపి, దానికి సమానమైన పరీక్ష రాసి, నెవాడాలోని కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడాలో ఒక్క సీజను ఆడి, 2010 డ్రాఫ్ట్‌లో దేశం మొత్తానికీ మొదటివాడిగా వెళ్ళాడు. ఆల్బర్ట్ పూహోల్స్ కాన్సస్ సిటీలోని మేపుల్ వుడ్స్ అనే జూనియర్ కాలేజీలో ఒక ఏడాది ఆడితే 1999లో 13వ రౌండులో, 402వ వాడిగా ఎవరో దయతలిచి తీసుకున్నారు. తర్వాత అతను 703 హోమ్ రన్లు కొట్టాడు. అంతకు చాలా ముందు జాకీ రాబిన్సన్ కూడా పాసడీనా జూనియర్ కాలేజీలో ఆడి తర్వాతే యూసీఎల్ఏకి వెళ్ళాడు.

ఈ పేర్లు వినగానే టెక్సస్‌లోని తండ్రులకి ఒంటి మీద రోమాలు లేస్తాయి. అక్కడే కొంచెం నీళ్ళు చల్లాలి. 2021 నుంచి డ్రాఫ్ట్ 20 రౌండ్లకే కుదించారు, 2019 దాకా 40 ఉండేవి. అంటే దేశం మొత్తం మీద ఏడాదికి ఆరు వందల మంది చిల్లర. మన ఈఏపీసెట్‌లో ఆరు వందల లోపు ర్యాంకు వస్తుందన్న ధీమాతో పిల్లాణ్ణి ఏ కాలేజీలోనూ చేర్పించకుండా కూర్చోబెట్టే తండ్రి ఎవరైనా ఉంటే, ఆయన డ్రాఫ్ట్ మీద ఆశ పెట్టుకోవచ్చు. మిగతావాళ్ళు డ్రాఫ్ట్ అనే మాట లేకుండా ఈ లెక్క వేసుకోవాలి. అలా వేస్తే తేడా వచ్చేది మూడు చోట్ల: ఆడే అవకాశం, భుజం, డిగ్రీ.

ఆడే అవకాశం గురించి నేను కళ్ళతో చూసింది చెప్తాను. ఏప్రిల్‌లో ఒక బుధవారం మధ్యాహ్నం, డాలస్‌కి గంట దూరంలో ఒక జూనియర్ కాలేజీ మైదానం. ఒకదాని వెంట ఒకటి రెండు మ్యాచ్‌లు. చూడటానికి యాభై మంది ఉంటారేమో, అందరూ ఎవరో ఒకరి అమ్మా నాన్నా, మడత కుర్చీలు ఇంటి నుంచే తెచ్చుకున్నారు. కంచె వెనక టోపీ పెట్టుకున్న ఒకాయన బంతి వేగం కొలిచే గన్ను పట్టుకుని, ప్రతి బంతికీ నోట్‌బుక్‌లో ఏదో గీస్తున్నాడు. బ్యాటు లోహంది కాబట్టి కొట్టినప్పుడల్లా స్టీలు గ్లాసు కింద పడ్డట్టు చప్పుడు. మైదానంలో 9 మంది. డగౌట్‌లో నేను లెక్కపెట్టింది 31 మందిని. వాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు నమిలి తొక్కలు ఊస్తూ నిలబడ్డారు. వాళ్ళలో ఒక కుర్రాడి చేతిలో అట్ట, పెన్సిలు. అవతలి పిచర్ వేసే ప్రతి బంతీ ఏ రకమో రాయడం అతని పని. రెండు మ్యాచ్‌లూ, నాలుగున్నర గంటలు, అతను రాస్తూనే ఉన్నాడు. ఆట అయ్యాక ఆ పిల్లాడి తల్లి ఐస్‌పెట్టె సర్దుకుంటూ మా అమ్మాయితో, మూడు గంటలు కారు నడిపి వచ్చామని చెప్పింది. అబ్బాయి యూనిఫాం మీద మట్టి మరక ఒక్కటి లేదు.

కోచ్ తప్పేమీ కాదది. రెండేళ్ళకోసారి జట్టు మొత్తం ఖాళీ అయిపోతుంది కాబట్టి జూనియర్ కాలేజీలు అవసరానికి మించి తీసుకుంటాయి, కొన్ని నలభై దాటి కూడా. ఇప్పుడు పైనుంచి ఒత్తిడి కూడా పెరిగింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం వల్ల ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల జట్టు 34 మందికి మించకూడదు. 2018 నుంచి ఆటగాళ్ళు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటుంది. పైన మిగిలిపోయినవాళ్ళు కిందికి దిగుతారు, కిందవాళ్ళు ఇంకా కిందికి. చివరికి 18 ఏళ్ళ పిల్లాడు తన చోటు కోసం 22 ఏళ్ళ గడ్డం వాడితో పోటీ పడతాడు. ఇది జూనియర్ కాలేజీలోనూ ఉంది, చిన్న కాలేజీలోనూ ఉంది. జూనియర్ కాలేజీలో మాత్రం మామూలుగా ఎవడూ రెండేళ్ళకి మించి ఉండడు. చోటు త్వరగా ఖాళీ అవుతుంది, నీ చోటు కూడా అంతే త్వరగా ఖాళీ చేయాలి.

రెండోది భుజం. భుజమన్నాను గానీ ఎక్కువగా పోయేది మోచేయి. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు టామీ జాన్ అనే పిచర్ మోచేతిలో తెగిన స్నాయువు బదులు వేరే చోటి నుంచి తెచ్చి కుట్టాడు. ఆపరేషన్‌కి రోగి పేరే మిగిలింది. కోలుకుని మళ్ళీ బంతి వేయడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. ఇప్పుడు లెక్క చూడండి. చిన్న నాలుగేళ్ళ కాలేజీలో రెండో ఏడాది చెయ్యి పోతే, నాలుగో ఏడాదికి మళ్ళీ మైదానంలో ఉంటాడు. ఈలోపు చదువు ఎక్కడికీ పోదు, గది అదే, స్నేహితులు వాళ్ళే. జూనియర్ కాలేజీలో మొదటి వసంతం చివర చెయ్యి పోతే రెండో సీజను ఆసుపత్రికే అంకితం. తనని చూసి పిలవాల్సిన యూనివర్సిటీ కోచ్‌లకి చూపించడానికి ఏమీ ఉండదు. ఆడని ఏడాదిని లెక్కలోంచి తీయించుకునే దారులున్నాయి, కానీ దానికి ఇంకో ఏడాది అక్కడే ఉండాలి. అప్పటికి ఆ కాలేజీలో చెప్పే కోర్సులు అయిపోతాయి.

ఎన్నేళ్ళు ఆడవచ్చన్న నియమం కూడా ఇప్పుడు గాల్లో ఉంది. మామూలుగా కాలేజీలో నాలుగు సీజన్లు, అందులో జూనియర్ కాలేజీ సీజన్లు కూడా కలుస్తాయి. డియెగో పావియా అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, జూనియర్ కాలేజీ కాలాన్ని లెక్కలో కలపడం అన్యాయమని కోర్టుకెక్కి, 2024 డిసెంబరులో టెన్నెసీ ఫెడరల్ కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నాడు. దాంతో అలాంటివాళ్ళందరికీ ఒక ఏడాది మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. దీని మీద కేసులు పడుతూనే ఉన్నాయి కాబట్టి, ఎవరైనా కోచ్ ఆ రెండేళ్ళూ లెక్కలోకి రావని హామీ ఇస్తే, భూమి కేసులో ఉండగా రిజిస్ట్రేషన్ చేయిస్తానన్న మాటకి ఎంత విలువ ఇస్తారో దానికీ అంతే ఇవ్వాలి.

మూడోది డిగ్రీ, మనవాళ్ళకి అసలైనది. టెక్సస్‌లో ఒక సౌకర్యం ఉంది. 42 క్రెడిట్ల ఉమ్మడి పాఠ్యక్రమం పూర్తి చేస్తే ఆ రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా దాన్ని ఒప్పుకోవాలి. కానీ పిల్లాడు ఇంజనీరింగ్ అంటే ఆ 42తో పని జరగదు. కాల్క్యులస్, ఫిజిక్స్, ల్యాబులు వరసగా ఉండాలి. ల్యాబు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు, బేస్‌బాల్ ప్రాక్టీసు కూడా సరిగ్గా అప్పుడే. ఫిజిక్స్ మాస్టారిగా ఈ పోటీలో ఎవరు గెలుస్తారో నాకు తెలుసు, ఎవరు గెలవాలో కూడా తెలుసు, రెండూ ఒకటి కాదు. పైగా కుర్రాణ్ణి చివరికి పిలిచే యూనివర్సిటీ పక్క రాష్ట్రంలో ఉంటే క్రెడిట్లలో కొన్ని రాలిపోతాయి. చిన్న కాలేజీల్లో ఈ బాధ లేదు, కానీ చాలావాటిలో ఇంజనీరింగే ఉండదు. శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ లాంటివి కొన్ని ఉన్నాయి. అక్కడ ఇంజనీరింగ్ కూడా చెప్తారు, 2016లో మూడో డివిజన్ బేస్‌బాల్ ఛాంపియన్లు కూడా వాళ్ళే. అలాంటిచోట సీటు దొరికితే ఇంత ఆలోచన అక్కర్లేదు, సీటు దొరకడమే కష్టం.

డబ్బు విషయం క్లుప్తంగా. చిన్న ప్రైవేటు కాలేజీ ఫీజు కాగితం మీద చూస్తే గుండె ఆగుతుంది. అది పట్టుచీర మీద అంటించిన ధర లాంటిది, ఎవరూ అంత కట్టరు. మార్కుల స్కాలర్‌షిప్ పోగా చేతి నుంచి ఎంత పడుతుందో రాతపూర్వకంగా అడగాలి. సాయం చాలావరకు ఏడాదికేడాది మంజూరయ్యేదే, కాబట్టి రెండో ఏడాది సంగతి కూడా అడగాలి. మా వాడి కొడుకు అక్కడే పుట్టాడు కనుక ఇబ్బంది లేదు. కానీ హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకి ఫెడరల్ ప్రభుత్వ సాయం రాదు, 21 నిండగానే ఆ వీసా చెల్లదు. చిన్న కాలేజీ కోచ్ నోట వచ్చే "సాయం" అన్న మాటలో సగం ఫెడరల్ సాయమే ఉండవచ్చు. వీసా సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పేయడం ఇద్దరికీ మేలు.

ఇంతలో పక్క తోట కాపలాదారు వచ్చి కూర్చున్నాడు. వాళ్ళమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడి జిల్లా జట్టుకి వెళ్ళింది, ఈసారి పదో తరగతి రాసింది. అమెరికా సంగతంతా విని, "మరి మా పిల్లకి ఏది మంచిది మాస్టారూ, ఇంటరా, ట్రిపుల్ ఐటీయా?" అన్నాడు. అదే ప్రశ్న, టిక్కెట్టు ఖర్చు లేకుండా.

మన దగ్గర ఆట అంటే చివరికి ఒక కాగితం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో అంతర్జాతీయ పోటీలకి ఫారం-1, జాతీయ పోటీలకి ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఫారం-4. ఇంటర్ పిల్లలు ఆడేది అండర్-19 స్కూల్ గేమ్స్, అంటే నాలుగో ఫారం. మూడో ఫారం కావాలంటే డిగ్రీ దాకా ఆట బతకాలి. మన రాష్ట్రం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచింది కాబట్టి ఆ కాగితానికి విలువ పెరిగింది. ట్రిపుల్ ఐటీలో క్రీడా కోటా అర శాతం. సీటు దొరికితే ఆరేళ్ళు ఒకే మైదానం. ఇంటర్‌లో చేరితే రెండేళ్ళే, ఆ రెండేళ్ళలో మైదానం ఉందా అన్నది మొదటి ప్రశ్న. పేరున్న చాలా రెసిడెన్షియల్ కాలేజీలు అపార్ట్‌మెంట్లలో నడుస్తాయి, అక్కడ పరిగెత్తాలంటే మెట్ల మీదే. మైదానం ఉన్న ప్రభుత్వ కాలేజీల్లోనూ ఆటల పీరియడ్ ఎంతవరకు మిగులుతుందో నాకు బాగా తెలుసు. ఫిబ్రవరి రాగానే పీడీ గారిని బతిమాలి ఆ పీరియడ్ ఫిజిక్స్ రివిజన్‌కి లాక్కున్నది నేనే. ఆయన పాపం ఏనాడూ కాదనలేదు. ఆ సంగతి కాపలాదారుకి కూడా చెప్పాను. పిల్లని ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేయించమన్నాను. రాకపోతే, చేర్చే ముందు ఇంటర్ కాలేజీకి సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళి గ్రౌండులో ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మన్నాను.

బాబాయి అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. పాక బయట ట్రేలలో గడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. "అన్నీ అడిగారు గానీ, వాడు బంతి వేస్తాడా, కొడతాడా?" అన్నాడు చివరికి.

నిజంగానే ఎవరం అడగలేదు. మళ్ళీ టెక్సస్‌కి ఫోన్ చేశాం. ఈసారి కుర్రాడే ఎత్తాడు. క్యాచర్‌నన్నాడు. వికెట్ కీపర్ లాంటివాడు, కాకపోతే మ్యాచంతా గొంతుక్కూర్చోవాలి.

దాంతో లెక్క మారిపోయింది. పిచర్లయితే జట్టుకి పదిహేను మంది కావాలి, రోజుకొకడి చెయ్యి అలిసిపోతుంది. క్యాచర్ మ్యాచ్‌కి ఒక్కడే. రెండోవాడు రెండో మ్యాచ్‌కి. మూడోవాడు అట్టా పెన్సిలూ పట్టుకుంటాడు. అంచేత ఫీజు, డివిజను, మ్యాచ్‌లు నలభయ్యా యాభయ్యారా అన్నవన్నీ తర్వాత. ముందు ఇద్దరు కోచ్‌లకీ ఒకే ప్రశ్న రాయమన్నాను: వచ్చే సీజనుకి మీ దగ్గర క్యాచర్లు ఎంతమంది, వాళ్ళు ఏ ఏడాది వాళ్ళు?

రెండ్రోజులకి జవాబులొచ్చాయి, కుర్రాడు మాకూ పంపాడు. చిన్న కాలేజీ కోచ్‌ది ఒకటే లైను. ఇద్దరున్నారు, ఒకడికి ఇది చివరి ఏడాది, మొదటి సీజనులో నువ్వు పెద్దగా ఆడవు, రెండో సీజను నుంచి పోటీ పడవచ్చు. జూనియర్ కాలేజీ కోచ్ నాలుగు పేరాలు రాశాడు. వాళ్ళది కుటుంబంలాంటి జట్టని, కష్టపడేవాడికి ఎప్పుడూ చోటుంటుందని, కొత్త వెయిట్ రూమ్ కట్టారని. అంకె మాత్రం లేదు.

బాబాయికి తెలుగులో చదివి వినిపించాను. ఏటా జనవరిలో పూత చూడటానికి వచ్చే వ్యాపారులు ఆయనకి గుర్తొచ్చారనుకుంటాను. "ఈ రెండోవాడు తోటని మెచ్చుకుంటున్నాడు గానీ రేటు చెప్పట్లేదురా" అన్నాడు. కుర్రాణ్ణి ఆ కోచ్‌కి ఇంకొక్కసారి రాయమన్నాం. ఈసారి ఒక్క వాక్యమే, అంకె అడుగుతూ. శుక్రవారం దాకా చూసి, రాకపోతే చిన్న కాలేజీకి డిపాజిట్ కడతామన్నాడు వాళ్ళ నాన్న. పిన్ని మాత్రం, ఆ చిన్న ఊళ్ళో అన్నం దొరుకుతుందో లేదో కనుక్కోమంది.